కూత తెగేదాకా

ఆ ఏడాది మా జట్టు ఆసియా పోటీలకు వెళ్ళి, ఆడిన ప్రతి మ్యాచ్ ఓడి తిరిగి వచ్చింది. మా జట్టు అంటే భారత రగ్బీ జట్టు, ఏడుగురు ఆడే రగ్బీ. ఇలా చెప్పగానే ఎదుటివాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు: మన దేశానికి రగ్బీ జట్టు ఉందా? అందులో నువ్వు ఆడతావా? మొదటిదానికి ఉందని, రెండోదానికి లేదని చెప్తాను. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడాను. కుడి మోకాల్లో లిగమెంటు తెగాక మానేశాను. ఇప్పుడు జట్టు ఆడిన మ్యాచ్‌ల వీడియోలను ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏం జరిగిందో పేరు పెట్టి కోచ్‌కి ఇస్తాను. పగలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్ట్ ఇంజనీరుని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం అక్కడి పని, ఆటలో తప్పులు వెతకడం ఇక్కడి పని. రెండింటికీ ఒకే లాప్‌టాప్ వాడకూడదని కంపెనీ నియమం కాబట్టి ఎప్పుడూ రెండు మోస్తుంటాను.

ఓడి వచ్చిన వారంలో కోచ్ నన్ను కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక టిఫిన్ సెంటర్‌కి రమ్మన్నారు. ఆయన విశాఖపట్నం వైపు మనిషి. నౌకాదళంలో ఉద్యోగం చేస్తూ రగ్బీ ఆడి, రిటైరయ్యాక కోచ్ అయ్యారు. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచరు. కోపం వస్తే పేరు చివర ‘గారు’, మాట చివర ‘అండీ’ చేరుస్తారు. ఆ రోజు నేను ప్లేటు బల్ల మీద పెట్టకముందే అడిగారు.

“చెప్పండి ఇంజనీరు గారూ. ఎందుకు ఓడిపోయాం?”

కారణాలన్నీ వరస వేసుకునే వెళ్ళాను. ఆయన మొదటిది మాత్రమే విన్నారు. మనవాళ్ళు ఎదుటివాణ్ణి పైపైన పట్టుకుంటున్నారు. జెర్సీ దగ్గరో, భుజం దగ్గరో చెయ్యి వేస్తున్నారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడు ఒక్క విదిలింపుతో వదిలించుకుని పోతున్నాడు. కాళ్ళ దాకా వంగి పట్టేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరికీ ముప్పై దాటాయి.

“అంటే మనుషుల్ని మార్చాలంటారు.”

“కుర్రాళ్ళని తేవాలి సార్. అందులోనూ పట్టడం నేర్పక్కర్లేని వాళ్ళని తేవాలి. రగ్బీ తర్వాత నేర్పొచ్చు.”

“పట్టడం ముందే వచ్చినవాళ్ళు ఎక్కడుంటారండీ?”

“కబడ్డీలో.”

ఆయన ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి అలాగే ఆపారు. “మావైపు చెడుగుడు అంటాం,” అని, తర్వాత తిన్నారు. సరే అన్నట్టే లెక్క.

పన్నెండు మంది జట్టులో నలుగురు పాతవాళ్ళు మిగిలారు. మిగతా ఎనిమిది చోట్లకీ దేశం నలుమూలల నుంచి ఇరవై దాటీ దాటని వాళ్ళను పిలిచి గచ్చిబౌలి వైపు ఒక మైదానంలో శిబిరం పెట్టారు. ఒడిశా వాళ్ళు, బెంగాల్ వాళ్ళు, మహారాష్ట్ర వాళ్ళు ఎక్కువ. మైదానంలో నడిచేది హిందీ. తెలుగు మాట్లాడుకునేది కోచ్, నేను, కెప్టెన్. కెప్టెన్‌ది కొత్తగూడే. ఇక్కడ ఐటీ టవర్లు రాకముందు వాళ్ళ ఇంటి వెనక జొన్న చేను ఉండేదట. ఉండిపోయిన నలుగురు పాతవాళ్ళలో అతను ఒకడు. మొదటి రోజే నాతో అన్నాడు:

“ఇంజనీర్ సాబ్, మా దోస్తులందర్ని నీ లాప్‌టాప్‌తోని ఇంటికి పంపినవ్. ఇగ నన్నెప్పుడు పంపుతున్నవో జర ముందు చెప్పు, ఇంట్ల చెప్పుకోవాలె.”

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఎంతవరకు నిజమో నాకు తెలియలేదు.

కబడ్డీ నుంచి ముందు నలుగురు వచ్చారు. ఒకడికి బంతి వెనక్కే పాస్ చేయాలన్న నియమం నచ్చలేదు. ఇద్దరికి కబడ్డీలోనే మంచి అవకాశం వచ్చింది. చివరికి మిగిలింది ఒక్కడు. వికారాబాద్ దగ్గర ఒక ఊరి కుర్రాడు. ఎత్తుగా, సన్నగా ఉంటాడు కాని అరచేతులు మాత్రం పెద్దవి. లింగంపల్లిలో అక్కాబావల ఇంట్లో ఉండి రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చేవాడు. హాస్టల్‌లో మంచం దూరం నుంచి వచ్చినవాళ్ళకే, నెలకింత భత్యం జట్టులోకి ఎంపికైన వాళ్ళకే. ఇతను ఇంకా పరీక్షలో ఉన్నవాడు.

మొదటి రోజే మేమంతా మరిచిపోలేని పని చేశాడు. రగ్బీలో పాయింట్లు రావాలంటే బంతితో అవతలి గీత దాటి, బంతిని చేత్తో నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు. కుర్రాడికి బంతి దొరికింది. ఒకణ్ణి తప్పించుకున్నాడు, ఇంకొకణ్ణి దాటాడు, గీత దాటాడు. అక్కడ చుట్టూ ఎవరూ లేరు. కాలు నేలకు తాకించి, గిరుక్కున తిరిగి, ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా బంతితో సహా మైదానం మధ్యకు తిరిగి వచ్చేశాడు. వచ్చి, గెలిచినవాడిలా చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

కబడ్డీ ఆడినవాళ్ళకి ఇందులో వింత లేదు. అవతలి కోర్టులోకి వెళ్ళి ఎంత చేసినా, మధ్య గీత దాటి ఇంటికి వస్తేనే అది పాయింటు.

కెప్టెన్ నడుం మీద చేతులు వేసుకుని అతని ముందుకి వెళ్ళాడు. “ఏమైంది తమ్మీ, ఆడ నచ్చలేదా?”

“గీత ముట్టి వచ్చిన గదన్నా.”

“బంతి ఆడ పెట్టి రావాలె. వాపస్ తెచ్చుడేంది? గదేమన్న కిరాయి సామానా?”

అందరూ పడి పడి నవ్వారు. ఒడిశా కుర్రాళ్ళకి అనువదించి చెప్పేసరికి వాళ్ళు రెండోసారి నవ్వారు. కుర్రాడు కూడా నవ్వాడు. ఆ తప్పు మళ్ళీ చేయలేదు. అందుకే నేను, మిగతావి కూడా ఇంతే సులువుగా పోతాయనుకున్నాను.

పోనిది ఒకటి ఉంది. అతని పట్టు నేను కోరుకున్న పట్టే. పరుగెత్తేవాడి మడమల దగ్గరికి పాములా జారి రెండు చేతులూ ముడి వేసేవాడు. పడనివాడు లేడు. కాని రగ్బీలో పడగొట్టిన తక్షణం వదిలెయ్యాలి. పడ్డవాడు బంతిని తనవాళ్ళకి అందించుకునే వీలివ్వాలి. వదలకపోతే పెనాల్టీ. మళ్ళీ మళ్ళీ అదే చేస్తే పసుపు కార్డు చూపించి రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. ఒక్కో సగం ఏడు నిమిషాలే ఉండే ఆటలో రెండు నిమిషాలు ఆరుగురితో ఆడటమంటే మ్యాచ్ ఇచ్చేసినట్టే.

మావాడు వదలడు. ఎదుటివాడు పడి, బంతి చేతిలోంచి జారి, మిగతావాళ్ళు దాని కోసం కొట్టుకుంటూ ఉన్నా ఇతని చేతులు ఆ మడమల చుట్టూ బిగిసే ఉండేవి. ఒకసారి ఆట ముప్పై అడుగుల దూరం వెళ్ళిపోయాక కూడా వీళ్ళిద్దరే నేలమీద మిగిలారు. కింద ఉన్న మణిపూర్ కుర్రాడు ఓపికగా ఆకాశం చూస్తూ పడుకున్నాడు.

కోచ్ పక్కకొచ్చి వంగి అడిగారు. “అబ్బాయ్, వాడు పడిపోయాడు కదరా. ఇంకెక్కడికి పోతాడని?”

“చెయ్యి చాపి గీత ముట్టుకుంటడు సార్.”

“ఏ గీత?”

కుర్రాడు తల తిప్పి చూశాడు. దగ్గరలో గీతే లేదు. సిగ్గుపడి చేతులు తీశాడు.

శిబిరంలో మొదటి సాధన మ్యాచ్‌లో అతనికి పసుపు కార్డు వచ్చింది. ఆ సాయంత్రం కోచ్ నాకు ఫోన్ చేశారు. “ఇంజనీరు గారూ, మీ చెడుగుడు అబ్బాయి పట్టు బంగారం. కాని నేను వాణ్ణి బయటి దేశం తీసుకెళ్తే మూడో నిమిషంలో బెంచీ మీద ఉంటాడు. ఎంపిక మ్యాచ్ వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం. అప్పటికి వదలడం రావాలి. రాకపోతే నేనేం చేయలేను.”

కుర్రాడికి ఇంకో గడువు కూడా ఉంది. అది వాళ్ళ బావ పెట్టింది. బావ ఒక కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్ళే క్యాబ్ నడుపుతాడు. ఆ పరిచయాలతో ఒక టవర్ గేటు దగ్గర బామ్మర్దికి సెక్యూరిటీ ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. ఎంపిక అయితే సరే. కాకపోతే ఆ మర్నాడు, సోమవారం పొద్దున్నే డ్యూటీలో చేరాలి. ఆయన కఠినుడేం కాదు. “నెల నుంచి ఆపిన,” అని నాతో మామూలుగా చెప్పాడు. “సూపర్‌వైజర్ ఇగ ఆగనంటుండు. నౌకరి మంచిదే అన్నా. మల్ల దొరకదు.”

కుర్రాడు కూడా ఆ ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. “మంచిదే,” అన్నాడు. కొంచెం సేపటికి, “గేటు కాడ నిలవడాలె గంతే గదా,” అన్నాడు. నిలబడలేని మనిషి అతను. మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూనే ఉంటాడు.

ఆ వారం మేం చేయని ప్రయత్నం లేదు. పడగానే “వదులు” అని పక్కనుంచి అరిచాం. ఆ అరుపుకి అతని పక్కనున్నవాళ్ళు వదిలారు, అతను వదల్లేదు. పడ్డవాడు అతని వీపు మీద తట్టాలని చెప్పాం. కబడ్డీలో వీపు మీద పడే చేతులు సహాయానికి వచ్చిన తోటివాళ్ళవి కాబట్టి ఇంకా గట్టిగా పట్టాడు. నేను నియమాన్ని సెకన్ల లెక్కన బొమ్మలు గీసి వివరించాను. అతను దాన్ని నాకంటే బాగా ఒప్పజెప్పాడు.

“నీకంత తెలుసు కదరా, మరేంటి?”

“నాకు ఎరుకే అన్నా. చేతులకు ఎరుక లేదు.”

సాఫ్ట్‌వేర్‌లోనైనా అంతే. తప్పు ఎక్కడుందో తెలియడం వేరు, ఎందుకు వస్తోందో తెలియడం వేరు.

ఎంపికకు వారం ముందు ఆదివారం మధ్యాహ్నం వీడియోలు చూపిస్తానని కుర్రాణ్ణి హైటెక్ సిటీకి రమ్మన్నాను. ఆఫీసులోకి బయటివాళ్ళను తీసుకెళ్ళలేను, నా గది మూడో అంతస్తులో రేకుల కింద, ఎండకి కూర్చోలేం. బావ ట్రిప్పు కోసం టవర్ ఎదురుగా క్యాబ్ ఆపుకుని ఉన్నాడు. “బండ్ల కూసోండ్రి, ఏసీ ఏస్త,” అన్నాడు. మేమిద్దరం వెనక సీటులో లాప్‌టాప్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బావ ముందు సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

నేను ఎప్పుడూ వీడియోలు శబ్దం లేకుండానే చూస్తాను. ఆఫీసులో భోజనం వేళ చూసే అలవాటు. పక్కవాళ్ళకి ఇబ్బంది కదా. పైగా శబ్దంలో పనికొచ్చేది ఏం ఉంటుందని? కుర్రాడు నాలుగు ముక్కలు చూసి ఆవులించాడు.

“అన్నా, సౌండ్ పెట్టరాదే. మూగ సినిమా లెక్క ఉంది.”

లాప్‌టాప్ స్పీకరు బాగోలేదని బావ లేచి, దాన్ని క్యాబ్ స్పీకర్లకి కలిపాడు. వెంటనే బండి నిండా రొప్పులు, మూలుగులు, ధబధబమని పడే చప్పుళ్ళు.

“ఓయమ్మ,” అన్నాడు బావ, చుట్టూ చూసి సౌండు కొంచెం తగ్గించి. “పార్కింగ్‌ల ఎవలన్న ఇంటే పోలీసులకు ఫోన్ కొడ్తరు.”

నవ్వుతూనే తర్వాతి ముక్క పెట్టాను. అందులో పడ్డవాడు నేలకు తగలగానే “హుక్” అని గాలి వదిలాడు. మావాడి చేతులు విడిపోయాయి. ఆ ముక్కకి నేను ఎప్పుడో ‘సరిగ్గా వదిలాడు’ అని పేరు పెట్టాను. తర్వాతి దాంట్లో పడ్డవాడు నిశ్శబ్దంగా పడ్డాడు. చేతులు విడలేదు. ఇంకోటి పెట్టాను. పడ్డవాడు తిడుతూ పడ్డాడు, తిట్టు మధ్యలో ఆగిపోయింది. చేతులు విడిపోయాయి. అతను సరిగ్గా వదిలిన ముక్కలు నా దగ్గర కొన్నే ఉన్నాయి. వాటిని నేను అదృష్టం కింద లెక్క వేసుకున్నాను. వాటన్నిటినీ వరసగా పెట్టాను. ప్రతిదాంట్లో పడ్డవాడి నోటి నుంచి ఏదో ఒక శబ్దం మొదలై, తెగింది.

“కబడ్డీలో పట్టినవాణ్ణి ఎప్పుడు వదుల్తావు?” అని అడిగాను.

“కూత తెగినంక.”

కూతకి వచ్చినవాడు ఊపిరి బిగబట్టి ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉండాలి. ఆ ఊపిరి ఉన్నంత సేపూ వాడు బతికి ఉన్నట్టు. అది తెగితే వాడు ఔట్. పట్టినవాళ్ళు అప్పుడు వదుల్తారు. అంతకుముందు వదిలితే, వాడు వేలి కొసతో మధ్య గీత తాకినా పట్టినవాళ్ళందరూ ఔట్.

“మరి ఇక్కడ కూత ఎవరు పెడుతున్నారు?”

కుర్రాడు స్క్రీన్ వంకా నా వంకా చూశాడు. “ఎవలు పెడ్తలేరు గదా,” అన్నాడు మెల్లగా. “తెగుడు ఎట్ల తెలుస్తది మరి?”

ముందు సీటులోంచి బావ అన్నాడు, “అంటే వీడు నెల సంది కూత తెగుతదని ఎదురు సూస్తుండా?”

ఆ మాటకి మేం ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. నాకు ఆ నవ్వులో ఇంకో సంతోషం కూడా ఉంది. కారణం దొరకని తప్పుకి కారణం దొరికితే కలిగే సంతోషం అది. నా ఉద్యోగంలో జీతం కాక నాకు దొరికే సుఖం అదొక్కటే.

మర్నాడు పొద్దున్న మైదానంలో పరీక్ష పెట్టాం. బంతి తీసుకుని కబడ్డీ కబడ్డీ అంటూ పరుగెత్తమని, పడగానే ఆపమని కెప్టెన్‌ని అడిగాను.

“నేను? ఇండియా కెప్టెన్‌ని. కబడ్డీ అనుకుంట ఉరకాలె?”

“ఒక్కసారి భయ్యా.”

“వీడియో తియ్యద్దు.”

పరుగెత్తాడు. సగం నవ్వుతో, సగం కోపంతో ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ వచ్చాడు. కుర్రాడు మడమలకి దిగాడు. కెప్టెన్ పడి నోరు మూశాడు. చేతులు తాళం తీసినట్టు విడిపోయాయి. కుర్రాడు లేచి, కింద ఉన్న బంతి తీసుకుని నిలబడ్డాడు. మళ్ళీ చేశారు, మళ్ళీ వదిలాడు. తర్వాత బెంగాల్ కుర్రాళ్ళు, మహారాష్ట్ర కుర్రాళ్ళు తలా ఒక రకంగా కూత పెట్టుకుంటూ పరుగెత్తారు. మైదానం చుట్టూ పొద్దున నడకకు వచ్చినవాళ్ళు ఆగి చూశారు.

కోచ్ అంతా చూసి, ఈల చేతిలో తిప్పుతూ నా దగ్గరికొచ్చారు. “బాగుందండీ. ఇప్పుడు ఎదుటి దేశం వాళ్ళకి కూడా కూత నేర్పుతారా ఇంజనీరు గారూ?”

‘గారు’ వచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

మార్గం కుర్రాడే చెప్పాడు. కూత తనే పెట్టుకుంటానన్నాడు. పట్టడానికి దిగేటప్పుడు మొదలుపెట్టి, నేలకు తగలగానే ఆపుతానన్నాడు. వినడానికి ఎంతో సరిగ్గా ఉంది. మొదటి రోజు చేసి చూస్తే ఇదివరకటి కంటే ఘోరం. కబడ్డీలో అతనికి పేరు తెచ్చింది పట్టు ఒక్కటే కాదు, ఊపిరి కూడా. ఒక్క ఊపిరితో కోర్టంతా రెండుసార్లు తిరిగి వచ్చేవాడట. నేలకు తగిలాక కూడా అతని కూత తెగదు, తెగదు కాబట్టి చేతులు విడవు. కింద పడ్డవాడు ఎదురు చూస్తూ ఉండగా ఇతను కళ్ళు మూసుకుని ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉన్నాడు.

“అరేయ్, చాలు తియ్,” అన్నాడు కెప్టెన్ పైనుంచి. “వాడు కిందనే నిద్రపోయేటట్టుండు.”

అప్పుడు కెప్టెనే ఇంకోటి చెప్పాడు. నిండా ఊపిరి పీల్చుకుని దిగకు, ముందే ఊదేసి దిగు. కొంచెం గాలి మాత్రం ఉంచుకో. నేలకు తగిలే దెబ్బకి అది కూడా పోవాలి. కుర్రాడికి ఇది కష్టమైంది. ఊపిరి దాచుకోవడం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాడికి, ముందే పారేసుకుని దిగడం ఉన్న సొమ్ము రోడ్డు మీద వదిలేసినట్టుండేది. కెప్టెన్ ప్రాక్టీసు అయిపోయాక కూడా అతనితో ఉండిపోయేవాడు. ఇద్దరూ ఎండ ఎక్కేదాకా పడుతూ లేస్తూ ఉండేవాళ్ళు. నేను ఆఫీసుకి వెళ్ళే దారిలో వంతెన మీంచి చూస్తే కిందనున్న మైదానంలో ఒకడు పరుగెత్తడం, ఒకడు జారడం కనిపించేది. నా కంటికి శుక్రవారానికి వదులుతున్నట్టే ఉంది. ప్రతిసారీ కాదు. ఎక్కువసార్లు.

ఎంపిక మ్యాచ్ రోజు శిబిరాన్ని రెండు జట్లు చేశారు. రిఫరీని పుణె నుంచి పిలిపించారు. మైదానం అంచున బావ యూనిఫాంలోనే నిలబడ్డాడు. ట్రిప్పుకి, ట్రిప్పుకి మధ్య వచ్చాడు. “సూపర్‌వైజర్ పొద్దుగాల నుంచి రెండుసార్లు ఫోన్ చేసిండు,” అన్నాడు నాతో. “పొద్దుగూకినంక చెప్త అన్న.”

మొదటి పట్టులోనే కుర్రాడు వదల్లేదు. కంగారులో నిండా ఊపిరి పీల్చి దిగాడు. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు. కోచ్ ఏమీ రాసుకోలేదు. చేతులు కట్టుకున్నారు. రెండో పట్టు కూడా అలాగే అయింది. రిఫరీ ఈసారి వేలెత్తి హెచ్చరించాడు, ఇంకోసారైతే కార్డు. బావ నా వైపు చూడలేదు.

కెప్టెన్ ఆ రోజు అవతలి జట్టులో ఉన్నాడు. ఈల తర్వాత ఆట మళ్ళీ మొదలయ్యేలోపు, కుర్రాడి పక్కనుంచి నడుస్తూ, పెదాలతో గాలి ఊదినట్టు చేసి చూపించి వెళ్ళాడు. కుర్రాడు నడుం మీద చేతులు వేసుకుని, పొట్ట లోపలికి పోయేదాకా ఊపిరి వదిలాడు.

మూడోసారి అతనికి ఎదురొచ్చింది కెప్టెనే. బంతి చంకలో పెట్టుకుని, ఏ దయా లేకుండా, ఉన్న వేగమంతా పెట్టి వచ్చాడు. కుర్రాడు జారాడు. మడమలు దొరికాయి. ఇద్దరూ పడ్డారు. అంచు మీద ఉన్న మాకు కూడా వినబడింది, ‘కబడ్డీ కబ్’. అక్కడ తెగిపోయింది. చేతులు విడిపోయాయి. కుర్రాడు లేచి బంతి మీద చెయ్యి వేసి లాక్కున్నాడు, తోటివాడికి అందించాడు. వాళ్ళు వెళ్ళి ట్రై చేశారు.

రిఫరీ ట్రైకి ఈల వేసి, కెప్టెన్‌ని పిలిచి హిందీలో అడిగాడు, “ఈ కుర్రాడు ఏదో అంటున్నాడు. తిట్లయితే బయటికి పంపుతాను.”

కెప్టెన్ మోచేతికి అంటిన మట్టి తుడుచుకుంటూ చెప్పాడు, “తిట్లు కాదు సాబ్. బ్రేక్ చెక్ చేసుకుంటున్నాడు.”

ఆ తర్వాత కుర్రాడు ఒక్క పెనాల్టీ కూడా ఇవ్వలేదు. ఒకసారి మాత్రం వదలడంలో ఆలస్యమైంది. రిఫరీ చూశాడు, వదిలేశాడు.

సాయంత్రం కోచ్ అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి పన్నెండు పేర్లు చదివారు. వయసు వరసలో చదువుతానన్నారు, పెద్దవాళ్ళు ముందు. కెప్టెన్ పేరు మొదట వచ్చింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నేను ఇంటికి పంపుతానని నిజంగానే భయపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. కుర్రాడి పేరు పదకొండోది. పేరు విని లేచి నిలబడ్డాడు. కూర్చునే ఉండొచ్చని ఎవరో చెప్పేదాకా అలాగే ఉన్నాడు.

కోచ్ నాతో అన్నారు, “వీడు అక్కడ కూడా మొదటి పట్టులో మర్చిపోతాడు. మర్చిపోయినా పర్లేదు, రెండోది చూద్దాం. ఈ జట్టు రెండేళ్ళ పని అండీ. ఒక్క టోర్నీది కాదు.” కోపం లేకుండా ‘అండీ’ అనడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి విన్నాను.

బావ ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కి చేశాడు. కుర్రాడు జెర్సీ కొలతలు ఇవ్వడానికి వెళ్ళిపోయాడు. నేను పక్కనే ఉన్నాను.

“సార్, నమస్తే. మా బామ్మర్ది రేపు రాడు సార్… లే లే, పానం మంచిగనే ఉంది. ఇండియాకు ఆడ్తుండు… నిజం సార్. కబడ్డీ కాదు.” ఇక్కడ ఆగాడు. నోటితో రెండుసార్లు ప్రయత్నించి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. “నువ్వు జర చెప్పన్నా, నాకు నోరు తిరుగుతలేదు.”

“రగ్బీ సార్,” అన్నాను.

అవతలి గొంతు అడిగింది, “గదేం ఆట? క్రికెట్ లెక్కనా?”

“కాదు సార్. ఏడుగురు ఉంటారు. బంతి వెనక్కే పాస్ చెయ్యాలి.”

“ఎనుకకు పాస్ చేస్తే ముంగటికి ఎట్ల పోతరు?”

ఆ ప్రశ్న చాలా మంచిది. ఎండ తగ్గింది, నాకు వెళ్ళాల్సిన పని కూడా ఏం లేదు. అంచున ఉన్న మెట్టు మీద కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.